కౌంటరు అవతలి మనిషి

టెక్సాస్ రాష్ట్రంలో ఆగస్టు ఎండలు మన కర్నూలు రోహిణీ కార్తెకు ఏమాత్రం తీసిపోవు. ఆ ఎండల్లోనే, నెల మూడవ వారంలో, నేను గణితం బోధించే కమ్యూనిటీ కళాశాల ద్వారాలు సిబ్బంది కోసం తెరుచుకుంటాయి. విద్యార్థుల రాకకు ఇంకా వారం వ్యవధి ఉంటుంది. అధ్యాపకులు, గ్రంథాలయ ఉద్యోగులు, ఫీజుల విభాగం వారు, ఆవరణను కాపాడే భద్రతా సిబ్బంది, గదులు శుభ్రపరిచేవారు అందరూ ఒకే సభామందిరంలో కూర్చునే సందర్భం ఏడాది మొత్తంలో అదొక్కటే. "పిల్లలే రానప్పుడు వారం రోజులు ఏం చేస్తారే?" అని అమ్మీ ప్రతి ఏటా ఫోనులో అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే.

ఈ కళాశాలల గురించి పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో, ఒక ఉన్నత పాఠశాల ఆశ్రయంలో, ఆరుగురు విద్యార్థులతో మొదలైన కళాశాల వీటిలో అతి పురాతనమైనదని ప్రతీతి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం 1947లో ఇటువంటి కళాశాలలను దేశమంతటా విస్తరింపజేయాలని సూచించింది. నేడు వాటి సంఖ్య సుమారు వెయ్యి. ఇక్కడ ప్రవేశానికి మార్కుల వడపోత ఉండదు. ఉన్నత పాఠశాల ముగించిన ఎవరైనా రావచ్చు. రెండేళ్ళు చదివి అసోసియేట్ డిగ్రీ అందుకోవచ్చు, ఆ పాఠాలను వెంటబెట్టుకొని విశ్వవిద్యాలయానికి మారవచ్చు, లేదా వెల్డింగు, వాహన మరమ్మతు, నర్సింగు వంటి వృత్తివిద్య నేర్చుకొని నేరుగా పనిలో చేరవచ్చు. ఫీజు విశ్వవిద్యాలయం కంటే ఎంతో తక్కువ.

అయినా మన తెలుగు కుటుంబాల వారు ఆ పేరును గొంతు తగ్గించి పలుకుతారు. "మావాడు ప్రస్తుతానికి కమ్యూనిటీ కాలేజీలో ఉన్నాడు" అన్న వాక్యంలో 'ప్రస్తుతానికి' అన్న మాటకు ఎంత బరువో డాలస్ చుట్టుపక్కల ఏ విందుకు వెళ్ళినా తెలుస్తుంది. హైస్కూలు చదువుతుండగానే డిగ్రీ పాఠాలు పూర్తి చేసుకోవడానికి తమ పిల్లలను మా వద్దకు పంపేదీ ఆ కుటుంబాలే కనుక ఆ చిన్నచూపును నేను అంతగా పట్టించుకోను.

వివాహానికి ముందు నేను కర్నూలులో ఒక మహిళా జూనియర్ కళాశాలలో పనిచేశాను. అక్కడ కొత్త విద్యా సంవత్సరానికి సన్నాహమంటే జూన్ మొదటి రోజున ప్రిన్సిపాల్ గదిలో ఒక గంట సమావేశం, టైంటేబులు మీద కొద్దిపాటి వాదన, హాజరు పట్టీలు, సుద్దముక్కల డబ్బాలు, టీ, సమోసా. కాబట్టి ఇక్కడి వారం రోజుల హంగామా మొదట్లో నాకు వింతగా తోచింది. తొలి ఉదయం అధ్యక్షుని ప్రసంగం, ఆపై గది తర్వాత గది, శిక్షణ తర్వాత శిక్షణ. కొత్త సాఫ్ట్‌వేరు మీద రెండు గంటలు. అది అలవాటయ్యే సరికి మరొకటి వస్తుంది. వీడియో పాఠం చూపితే దాని కింద అక్షరాలు ఉండాలనీ, చూపు లేని విద్యార్థికి పటాన్ని మాటల్లో వివరించాలనీ, 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఏమేమి కోరుతుందో చెప్పే శిక్షణ మరొకటి. ఇది మాత్రం విలువైనది. మన కళాశాలలకూ రావలసినది.

తుపాకీతో ఎవరైనా ప్రవేశిస్తే ఏం చేయాలన్నది కూడా ఒక గంట నేర్పుతారు. పరుగెత్తాలి, వీలుకాకపోతే దాక్కోవాలి, తప్పనిసరైతే ఎదిరించాలి. ఈ రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవారు తుపాకీని పైకి కనిపించకుండా ధరించి కమ్యూనిటీ కళాశాల ఆవరణలోకి రావడానికి 2017 ఆగస్టు నుండి చట్టం అనుమతిస్తోంది. ఆ గంట గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

ఫెర్పా అని పిలిచే 1974 నాటి చట్టం గురించి ప్రతి ఏటా చెబుతారు. కళాశాలలో చేరిన విద్యార్థి వయసు ఎంతైనా సరే, అతని లిఖితపూర్వక అనుమతి లేకుండా మార్కులు, హాజరు వంటి వివరాలను సాధారణంగా తల్లిదండ్రులకు సైతం వెల్లడించరాదు. మన వారికి ఇది మింగుడు పడదు. ఒకసారి నెల్లూరు ప్రాంతానికి చెందిన ఒక తండ్రి కౌంటరు వద్ద ఆగ్రహంతో నిలబడితే, తెలుగు వచ్చినదానినని నన్ను పిలిపించారు. "ఫీజు కట్టేది నేనమ్మా! మార్కులు నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతారు?" అన్నారాయన. "అన్నగారూ, బాబును వెంటబెట్టుకు రండి. అతను సంతకం చేస్తే అన్నీ చెబుతారు" అన్నాను. మరునాడు ఇద్దరూ వచ్చారు. ఆ పిల్లవాడు కలం పట్టుకొని తండ్రి ముఖం వైపు చూడకుండా ఎంతసేపు తటపటాయించాడో నేను చూశాను. అంతకుముందు విన్న శిక్షణలన్నీ చెప్పలేని సంగతి ఆ కొద్ది నిమిషాల్లో నాకు బోధపడింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2024 ఆగస్టు నాటి సన్నాహక వారం అది. ఆ ఏడాది విద్యార్థుల ఆర్థిక సహాయ దరఖాస్తు వ్యవస్థ అస్తవ్యస్తమైంది. ఏటా అక్టోబరులో తెరుచుకోవలసిన కేంద్ర ప్రభుత్వ దరఖాస్తు, కొత్త రూపం దిద్దే ప్రయత్నంలో, 2023 డిసెంబరు చివరికి గానీ తెరుచుకోలేదు. తెరుచుకున్నాక కూడా సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రుల పిల్లలకు అది చాలాకాలం ముందుకు కదలలేదు. పేద విద్యార్థులకు వచ్చే పెల్ గ్రాంటు ఆ దరఖాస్తు మీదే ఆధారపడి ఉంటుంది. ఆ సొమ్ము రాలేదు, ఫీజు గడువు మాత్రం వచ్చింది. గడువు దాటిన రాత్రి, ఫీజు చెల్లించని వారి పేర్లను కంప్యూటరు తనంత తానే తరగతుల నుండి తొలగిస్తుంది. సోమవారం నా గణాంకశాస్త్రం తరగతి పట్టీలో ముప్ఫై మంది ఉన్నారు. బుధవారం ఉదయం చూస్తే ఇరవై ఒక్కరు.

ఆ ఉదయమే సభామందిరంలో రానున్న ఐదేళ్ళ ప్రణాళిక గురించి ఒక ఉన్నతాధికారి తెర మీద బొమ్మలు చూపుతున్నారు. చివర ప్రశ్నలకు సమయం ఇచ్చారు. సాధారణంగా అధ్యాపకులే లేస్తారు. ఆ రోజు వెనుక వరుసలో నుండి ఫీజుల విభాగం ఉద్యోగిని ఒకామె లేచింది. మెక్సికో నుండి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన ఆమె పదకొండు సంవత్సరాలుగా అదే కౌంటరు వెనుక కూర్చుంటోంది. ఆమె సభలో మాట్లాడడం నేనెన్నడూ వినలేదు.

"నిన్న రాత్రి పేర్లు పోయినవారికి ఈ సంగతి ఎవరు చెబుతారు?" అని అడిగింది.

ఈమెయిలు వెళ్ళిందని జవాబు వచ్చింది.

"అది కళాశాల ఇచ్చిన ఖాతాకు వెళ్ళింది. వారిలో సగం మంది ఆ ఖాతాను ఇంకా తెరవనే లేదు. సోమవారం పుస్తకాల సంచితో తరగతికి వెళతారు. పట్టీలో పేరు లేదని అధ్యాపకుడు బయటికి పంపుతాడు. అక్కడి నుండి నా కౌంటరుకు వస్తారు. వారి ముఖంలోకి చూస్తూ ఆ మాట చెప్పేది నేను. ప్రతి ఏడూ చెబుతున్నాను. ఈ ఏడు సోమవారానికి ముందే ఎవరైనా చెప్పండి."

సభ నిశ్శబ్దమైంది. అది యంత్రం చేసే పని అనీ, ఫోన్లు చేయడానికి తగినంత మంది లేరనీ వేదిక మీది నుండి ఏదో సమాధానం వినిపించింది. అప్పుడు ఇంగ్లీషు విభాగంలో పార్ట్‌టైమ్‌గా బోధించే ఒక వృద్ధుడు లేచి, తన తరగతి పట్టీ తన వద్దే ఉందనీ, ఫోను కూడా ఉందనీ అన్నాడు. కొందరు నవ్వారు. అధ్యక్షునికి నవ్వు రాలేదు. మరునాటి ఉదయపు శిక్షణ రద్దయింది. గ్రంథాలయంలో పొడుగు బల్లలు వేశారు. ఎవరి పట్టీలో తొలగిన పేర్లకు వారే ఫోను చేయాలి, ఫీజుల విభాగం వారు పక్కనే కూర్చొని దారి చూపాలి అని నిర్ణయమైంది.

నా వంతుకు తొమ్మిది పేర్లు వచ్చాయి. రెండు నంబర్లు పనిచేయలేదు. ఒకటి ఎంతకీ ఎత్తలేదు. విమానాశ్రయం సమీపంలోని గోదాములో రాత్రంతా సరుకులెత్తి అప్పుడే పడుకున్న కుర్రవాడిని నిద్రలేపాను. అతను విసుక్కోకుండా విన్నాడు. ఒక అమ్మాయి ఫోనును అన్నయ్య ఎత్తాడు. సంగతేమిటో చెప్పమని ఎంతో మర్యాదగా అడిగాడు. ఫెర్పా గుర్తుకొచ్చింది. కళాశాలకు ఫోను చేయమని మాత్రం చెప్పగలిగాను. చెల్లెలు ఏదో తప్పు చేసిందనుకుంటాడేమోనని బెంగపడి, "కంగారు పడవలసినది ఏమీ లేదు" అని రెండుసార్లు అన్నాను.

ఎనిమిదవ పేరు ఒక వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా పనిచేసే నలభై ఒక్క సంవత్సరాల మహిళది. ఆమె లేఖ చదివింది. చదివినందువల్లనే మాకు ఫోను చేయలేదట. "మీ ప్రవేశం రద్దు చేయబడింది" అన్న వాక్యం దగ్గరే ఆగిపోయింది. కింద ఫీజు మాట, గడువు మాట చిన్న అక్షరాలలో ఉన్నాయి. "నేను ఇరవై రెండేళ్ళ తర్వాత చదువుకు వచ్చాను కదా. పనికిరానని తేల్చారనుకున్నాను" అంది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఆ తీర్పును ఆమె అప్పటికే స్వీకరించి, కొన్న పుస్తకాన్ని తిరిగి ఇచ్చేయడానికి సంచిలో పెట్టుకొని ఉంది.

నేను ఫోను చేతిలో పట్టుకొని పక్కకు చూశాను. ఫీజుల విభాగం ఆమె అప్పటికే ఆ విద్యార్థిని ఖాతా తెర మీద తెరిచి ఉంచింది. వాయిదాల పద్ధతిలో మొదటి చెల్లింపు ఎంతో కాగితం మీద రాసి నా ముందుకు జరిపింది. అది ఒక నెల కిరాణా ఖర్చుకు మించదు. "శుక్రవారం సాయంత్రం ఐదింటి దాకా నేను కౌంటరులోనే ఉంటానని చెప్పండి. నా పేరు చెప్పి అడగమనండి" అంది.

నా తొమ్మిది మందిలో నలుగురు తిరిగి వచ్చారు. ఇది గొప్ప సంఖ్య అని నేను అనను. కానీ కర్నూలులో సుద్దముక్కల డబ్బా అందుకొని తరగతికి నడిచిన రోజుల నుండి నాకు ఒక నమ్మకం ఉండేది: విద్యార్థి నిలబడేదీ పడిపోయేదీ నల్లబల్ల ఎదుటేనని. ఇక్కడ మా విద్యార్థులలో చాలామంది నల్లబల్లను చూడకముందే దారి తప్పిపోతున్నారు. కౌంటరుకూ తరగతికీ మధ్య ఉన్న ఆ కొద్ది అడుగుల నడవాలో పోతున్నారు. ఆ నడవా గురించి తెలిసినవారు వెనుక వరుసలో కూర్చుంటున్నారు, శిక్షణ ఇచ్చేవారు వేదిక మీద నిలబడుతున్నారు.

మరుసటి ఏటి సన్నాహక వారంలో అమరిల్లో కళాశాల అనుభవాన్ని మాకు వివరించారు. టెక్సాస్ ఉత్తర కొసన ఉన్న కళాశాల అది. చదువుకు అడ్డమేమిటని విద్యార్థులను అడిగితే, ముందు వరుసలో తేలినవి పాఠాలూ పరీక్షలూ కావట. పిల్లల సంరక్షణ, రవాణా, తిండి, ఇంటి అద్దె వంటివట. వారు తమ సగటు విద్యార్థిని రూపురేఖలను లెక్కగట్టి ఆమెకు 'మరియా' అని పేరు పెట్టుకున్నారు. కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి, తల్లి, చిన్న ఉద్యోగాలు రెండు చేసుకుంటూ కొద్దికొద్దిగా చదువుకునేది. ఏ నిర్ణయమైనా మరియాకు సరిపడుతుందా లేదా అని చూసుకోవడం వారి పద్ధతి. దేశంలోని మేటి కమ్యూనిటీ కళాశాలలకిచ్చే ఆస్పెన్ బహుమతిని 2023లో ఆ కళాశాల మరొక కళాశాలతో కలిసి అందుకుంది. అదే ఏడాది మా రాష్ట్ర శాసనసభ, కళాశాలలకిచ్చే నిధులను ఎందరు చేరారన్న లెక్క నుండి ఎందరు పూర్తి చేశారన్న లెక్కకు మళ్ళిస్తూ చట్టం చేసింది. మా అధికారుల శ్రద్ధ పెరగడానికి ఆ చట్టం కొంత కారణం కావచ్చు. మనసు మెత్తబడినా, ఖజానా బెదిరించినా, ఫోను మోగితే చాలునని నా అభిప్రాయం.

ఆ లేఖను కూడా మార్చారు. దానికొక సంఘం వేశారు, నేనూ అందులో ఉన్నాను. ఒక్క వాక్యం మీద నలభై నిమిషాలు వాదించుకున్నాం. "రద్దు" అన్న మాటను తొలగించడానికి న్యాయ సలహాదారు ఒప్పుకోలేదు. చివరికి దానికి ముందు మరొక వాక్యం చేర్చారు: మీ స్థానం ఇంకా ఉంది, శుక్రవారంలోగా మాతో మాట్లాడండి అని. కింద ఫోను నంబరు పెద్ద అక్షరాలలో. వృద్ధాశ్రమంలో పనిచేసే ఆ మహిళ డిసెంబరులో నా తరగతిలో ఉత్తీర్ణురాలైంది. నర్సింగు ప్రవేశం కోసం ఇప్పుడు వరుసలో ఉంది. ఆ వరుస పొడుగైనదే.

ఇప్పుడు సన్నాహక వారంలో గురువారం ఉదయం రెండు గంటలు ఫోన్లకే కేటాయిస్తున్నారు. ఫీజుల విభాగం ఆమె వేదిక మీద నిలబడి ఎలా మాట్లాడాలో, ఏది చెప్పరాదో ఆచార్యులకు నేర్పుతుంది. ఒక చిక్కు మాత్రం మిగిలింది. దేశవ్యాప్తంగా కమ్యూనిటీ కళాశాలల అధ్యాపకులలో మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైమ్ వారే. మా వద్దా అంతే. పాఠానికింత అని వేతనం అందుకునే వారికి సన్నాహక వారం లెక్కలోకి రాదు. ఆ రోజు మొదట లేచి నిలబడిన ఇంగ్లీషు అధ్యాపకుడు ఆ రెండు గంటలూ ఏటా ఉచితంగానే చేస్తున్నాడు. వాటికి వేతనం ఇవ్వాలని కోరుతూ గత వసంతంలో మేము పద్నాలుగు మందిమి సంతకాలు చేసి లేఖ ఇచ్చాం. పరిశీలనలో ఉందని ఈమెయిలు వచ్చింది.