పత్తాల పిల్ల

జపాను పిల్లల బొమ్మల సీరియల్‌కీ, కరీంనగర్ ముస్లింల బతుక్కీ ఏం సంబంధమని మీరడగొచ్చు. అడగండి. చెప్పడానికే కూర్చున్నాం. ‘మేం’ అంటే ఎంతమందని మాత్రం లెక్క తీయకండి. మా ఇంటి ఉర్దూలో ఒక్కరున్నా ‘హమ్’ అనే అంటారు. ఆ అలవాటు తెలుగులో రాసేటప్పుడూ వదల్లేదు.

సీరియల్ పేరు ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’. క్లాంప్ అనే రచయిత్రుల బృందం 1996 నుంచి 2000 దాకా మాంగాగా, అంటే బొమ్మల కథగా రాసింది. మ్యాడ్‌హౌస్ అనే స్టూడియో దాన్ని టీవీకి తీసింది. 1998 ఏప్రిల్ నుంచి 2000 మార్చి దాకా జపాను ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో 70 భాగాలు వచ్చాయి. సకురా నాలుగో తరగతి పిల్ల, పదేళ్లు. తల్లి చిన్నప్పుడే చనిపోయింది. తండ్రి వంట చేసి పెడతాడు, అన్న ఏడిపిస్తుంటాడు. తండ్రి పుస్తకాల గదిలో ఒక పాత పుస్తకం తెరిచి, అందులోని కార్డు మీద పేరు చదువుతుంది. గాలి లేస్తుంది. కార్డులన్నీ ఊరి మీదికి ఎగిరిపోతాయి. ఒక్కో కార్డులో ఒక్కో శక్తి: గాలి, నీడ, నీరు, నిద్ర, అద్దం. వాటన్నిటినీ మళ్లీ పోగుచేయడం ఆ పిల్ల పని.

మా చిన్నది దీన్ని ఫోన్లో జపాను మాటలతో, కింద ఇంగ్లీషు అక్షరాలతో చూస్తుంది. అబ్బా పోయాక ఆదిలాబాద్ నుంచి మా దగ్గరికొచ్చిన అమ్మీ పక్కన కూర్చుంటుంది. అమ్మీకి ఇంగ్లీషు రాదు. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. చిన్నదానికి ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాబట్టి జపాను మాట ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు మా దక్కనీలోకి మారి నానీ చెవిలో పడుతుంది. రెండో రోజే అమ్మీ తేల్చేసింది: “అరే, యే తో పరియోఁకా కిస్సాచ్ హై!” ఇది పరీల కథే కదా అని. కార్డుల్ని ఆమె కార్డులనదు, పత్తాలంటుంది. కరీంనగర్‌లో తెలుగువాళ్లూ పత్తాలాట అనే అంటారు గనక మాకూ అదే బాగుంది. సీరియల్లో పత్తాలు సరిగ్గా 52. బొమ్మల కథలో 19 మాత్రమే.

జపాను బొమ్మలు మనకు కొత్తేమీ కాదు. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున ‘జంగిల్ బుక్’ వచ్చేది గుర్తుందా? గుల్జార్ పాట రాసిన ఆ మోగ్లీ కూడా జపాను స్టూడియోలో పుట్టినవాడే. ఆదిలాబాద్‌లో మా గల్లీలో టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు చూస్తే ఆదివారమని తెలిసేది. గోండి, మరాఠీ, ఉర్దూ, తెలుగు మాట్లాడే పిల్లలం అంతా కలిసి హిందీ మోగ్లీని చూశాం. అతని భాష ఎవరిదని ఎవరం అడగలేదు.

అమ్మీ మాట ఉత్త ముచ్చట కాదు. జపానులో మంత్రశక్తి ఉన్న ఆడపిల్లల కథలకు ‘మహో షోజో’ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. 1966లో వచ్చిన ‘సాలీ’ అనే మంత్రగత్తె పిల్లతో టీవీలో ఆ వరస మొదలైందంటారు. సాలీకి స్ఫూర్తి ఒక అమెరికా టీవీ కామెడీ. 1992లో ‘సెయిలర్ మూన్’ దాన్ని ప్రపంచమంతా తిప్పింది. అంతకన్నా ఎంతో ముందే మన దాస్తాన్లలో పరీలున్నారు, తిలిస్మాలున్నాయి. తిలిస్మ్ అంటే మంత్రంతో కట్టిన లోకం. దాన్ని విప్పాలంటే ‘లౌహ్’ కావాలి, దారి చెప్పే పలక. లక్నో నవల్ కిశోర్ ప్రెస్సు 1883 నుంచి అచ్చువేసిన ‘తిలిస్మె హోష్‌రుబా’ సంపుటాలు వేల పేజీలు. అమ్మీ వాటిని చదవలేదు. నిర్మల్‌లో వాళ్ల నానీ నోట ముక్కలు ముక్కలుగా విన్నది. అమర్ అయ్యార్ జోలె ఆమెకు బాగా తెలుసు, ఎంత వేసినా నిండని జోలె. సకురా పుస్తకం చూడగానే “లౌహ్ దొరికింది దీనికి” అంది.

మా ఖాలా ఒకరు మాత్రం ఒప్పుకోలేదు. జాదూ హరామ్, ఆడపిల్లకు ఇవేం చూపిస్తున్నారని అరిచింది. అమ్మీ వాదించలేదు. అమీర్ హంజా దాస్తాన్లో జాదూగర్లుండరా, మన తాతలు నమాజు చదివొచ్చి మరీ వినలేదా అని మాత్రం అడిగింది. ఖాలా ఛాయ్ తాగి వెళ్లిపోయింది. తర్వాత రెండుసార్లు వచ్చినప్పుడు ఆ పిల్లకి ఎన్ని పత్తాలయ్యాయని అడిగింది. మా ఇళ్లలో మతం ఇట్లాగే ఉంటుంది. బయటినుంచి చూసేవాళ్లకు అరుపొక్కటే వినిపిస్తుంది.

ఇక సీరియల్ సంగతి. మంత్రాల పిల్లల కథల్లో మామూలుగా ఒక మెరుపు మెరుస్తుంది, బట్టలు మారిపోతాయి, పిల్ల వీరవనిత అయిపోతుంది. సకురాకి అట్లా జరగదు. ఆమె బట్టలు స్నేహితురాలు తోమొయో కుడుతుంది. ప్రతి పత్తా వేటకీ కొత్త జత. చేతిలో కెమెరా పట్టుకుని అంతా తీసుకుంటుంది కూడా. మంత్రం పుస్తకంలోంచి వస్తుంది, బట్ట మాత్రం సూదీ దారంలోంచి. ఇది మాకు చాలా నచ్చింది. రంజాను చివరి పది రోజులు కుట్టుమిషను చప్పుడు ఆగని ఇళ్లు మావి. ఇంకో మాట. ఆడపిల్ల ఏం వేసుకుందన్నది ఆ కథలో ఆమెకీ ఆమె స్నేహితురాలికీ సంబంధించిన సంగతి. 2022లో కర్ణాటక కాలేజీల గేట్ల దగ్గర అది సర్కారు ఉత్తర్వైంది. మార్చిలో అక్కడి హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు రాశారు. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా పెద్దది రోజూ పేపరు చదివి ఏమీ మాట్లాడేది కాదు. పరీక్షలకు కరీంనగర్‌లోనూ అడుగుతారా అని ఒక్కసారి అడిగి ఊరుకుంది.

సీరియల్లో కెరో అని చిన్న బొమ్మలాంటి జంతువొకటుంది. పత్తాలకు కాపలా దానిదే. కాపలా కాయమంటే ముప్పై ఏళ్లు నిద్రపోయింది. ఆ పుస్తకం కొంతకాలం ఒసాకాలో ఉండటంవల్ల దానికి ఒసాకా యాస అంటుకుంది, టోక్యో జపాను రాదు. జపాను తెలిసినవాళ్లకు అది నవ్వు తెప్పిస్తుందట, కానీ కెరో తెలివితక్కువది కాదు. మంత్రాల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసింది దానికే. మన సినిమాల్లో సాయిబు తెలుగు గుర్తు చేసుకోండి. ‘నీకీ, నాకీ’ అనిపించి నవ్వించడం తప్ప ఆ పాత్రకి తెలిసిన విద్య ఒక్కటైనా ఉంటుందా? మా దక్కనీని చూసి లక్నో ఉర్దూ నవ్వుతుంది, మా తెలుగును చూసి కోస్తా తెలుగు నవ్వుతుంది. యాస ఉన్నవాడికి అసలు సంగతి తెలిసి ఉండొచ్చన్న ఊహ ఒక పిల్లల బొమ్మల్లో దొరికింది మాకు.

ఇంకా పెద్ద సంగతి పేర్లది. ‘అద్దం’ పత్తా సకురా రూపం ఎత్తి ఊళ్లో తిరుగుతుంది, అన్నను ఇబ్బంది పెడుతుంది. అన్న మాత్రం అది తన చెల్లెలు కాదని పోల్చుకుంటాడు. ఆ పత్తాని కత్తితో కొట్టి పట్టలేరు. అదేమిటో తెలుసుకుని, సరైన పేరుతో పిలిస్తేనే అసలు రూపానికొస్తుంది.

అట్లాంటి కథని అమెరికాకు తీసుకెళ్లినవాళ్లు ఏం చేశారో చూడండి. 2000లో అక్కడ ప్రసారమైనప్పుడు ఇంటిపేరు కినొమొతో తీసేసి ‘ఆవలాన్’ పెట్టారు. తోమొయో ‘మాడిసన్ టేలర్’ అయింది. 70 భాగాల్లో 39 మాత్రమే చూపించారు, అదీ ఎనిమిదో భాగంతో మొదలుపెట్టి. ఎందుకంటే హాంకాంగ్ నుంచి వచ్చే పోటీ పిల్లాడు అందులో అడుగుపెడతాడు. ఆడపిల్ల కథని మగపిల్లలు చూడరని వాళ్ల భయం.

అమెరికావాళ్లని తిట్టడం తేలిక. మన బకావళి సంగతేమిటి? గులె బకావళి కథ 1722లో ఇజ్జతుల్లా బంగాలీ పారశీకంలో రాసింది. ఫోర్ట్ విలియం కాలేజీ రోజుల్లో నిహాల్‌చంద్ లాహోరీ దాన్ని ఉర్దూ చేశాడు. దయాశంకర్ నసీమ్ అనే కశ్మీరీ పండితుడు 1838లో మస్నవీ చేశాడు. కథానాయకుడు తాజుల్ ములూక్. బకావళి పరీ. ఆమె ఎక్కడ నాట్యం చేస్తుందనుకున్నారు? ఇంద్రసభలో. మనిషిని ప్రేమించినందుకు ఇంద్రుడి శాపంతో ఆమె నడుము కింద భాగం రాయి అవుతుంది. ముస్లిం రాకుమారుడూ, ఇంద్రుడూ ఒకే కథలో ఉండటం ఆ రోజుల్లో ఎవరికీ వింత కాలేదు. 1962లో తెలుగులో ఎన్.టి.రామారావుతో ‘గులేబకావళి కథ’ వచ్చేసరికి తాజుల్ ములూక్ విజయుడయ్యాడు. పువ్వు పేరు మిగిలింది, మనిషి పేరు పోయింది. ఆ సినిమాకి పాటలు రాసింది సి.నారాయణరెడ్డి. సినిమాల్లో ఆయనకది మొదలు. కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మీడియంలో చదువుకుని తెలుగు కవి అయినవాడు. ఆయన పాటలవల్ల బకావళి ప్రతి తెలుగు ఇంట్లోకీ వెళ్లింది. దానికి మాకు సంతోషమే. మా అమ్మీ కూడా ఆ సినిమాని ఆదిలాబాద్‌లో డేరా టాకీసులో మూడుసార్లు చూసిందట. “తాజుల్ ములూక్ ఏడీ?” అని పక్కనున్న మా మామూని అడిగితే, ఆ మీసాల కుర్రాడే, ఊరుకో అన్నాడట.

పేరు మారితే ఏం పోయిందని సెక్యులర్ మిత్రులు మెత్తగా అడుగుతుంటారు. మా కాగితాలు చూపిస్తాం రండి. రేషన్ కార్డులో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మహమ్మద్’, పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘మొహమ్మద్’. షేకు ఒకచోట షేఖ్, ఇంకోచోట షైక్. రాసినవాళ్లు మమ్మల్ని అడగలేదు, వాళ్లకు ఎట్లా వినపడితే అట్లా రాసుకున్నారు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక మా ఊళ్లలో మీసేవ కేంద్రాల ముందు వరస కట్టింది ఈ అక్షరాల కోసమే. 2020 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది, మంచిదే. కానీ అబ్బా పేరులో ఒక ఒత్తు సరిచేయించడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. సరిచేసిన కాగితం వచ్చేసరికి ఆయన లేడు. ఉర్దూలో పత్తా అంటే ఆకు, పేకముక్క. పతా అంటే చిరునామా. తెలుగులో పట్టా అంటే భూమి కాగితం. ఈ మూడింటిలో ఏది ఎగిరిపోయినా పట్టుకోవడానికి మాకు కెరో లేడు.

సీరియల్లో తప్పుల్లేవని కాదు. మధ్యలో చాలా భాగాలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: బడిలో ఒక వింత, రాత్రి వేట, పత్తా దొరకడం. చదివే పిల్లొకతె తన పంతులు మీద మనసుపడటాన్ని ముద్దుగా చూపించడం మాకు అసలు నచ్చలేదు. సకురా తల్లిదీ పదహారేళ్లకే పెళ్లి, అదీ పంతులుతో. ఆడపిల్లల పెళ్లీడు గురించి మా గల్లీల్లో ఎంత కొట్లాడుతున్నామో తెలిసినవాళ్లం, దీన్ని కథే కదా అని వదిలేయలేం. చిన్నదానికి ఆ మాటే చెప్పాం. “తెలుసు” అంది, విసుగ్గా.

పత్తాలన్నీ పోగయ్యాక యూవే అనే చంద్రుడి దూత సకురాని పరీక్షిస్తాడు. ఓడితే విపత్తు వస్తుందని మొదటినుంచీ చెబుతుంటారు. ఏం విపత్తు, ఊరు కాలిపోతుందా, మునిగిపోతుందా అని మేం ఎదురుచూశాం. అదేం కాదు. పత్తాలతో సంబంధమున్న వాళ్లంతా తమకు అందరికన్నా ఇష్టమైన మనిషి మీది ప్రేమను మరిచిపోతారు. అంతే. ఇళ్లు ఇళ్లలాగే ఉంటాయి, బడి బడిలాగే ఉంటుంది. ఎవరికీ ఏమీ పోయినట్టు కూడా తెలియదు.

చిన్నది దీన్ని దక్కనీలో చెప్పినప్పుడు అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. ఆమె పెట్టెలో అబ్బా రాసిన ఉత్తరాల కట్ట ఉంది, ఉర్దూలో. ఆ కట్టను చదవగలిగింది ఇంట్లో ఇప్పుడు ఇద్దరమే, అమ్మీ, మేమూ. 1918లో ఉర్దూలో పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయాన్ని హైదరాబాదులో పెట్టిన రాజ్యం ఇది. మా పిల్లలు చదివే ప్రైవేటు బడిలో ఉర్దూని రెండో భాషగా అడిగితే, పిల్లలు సరిపోరని హిందీ ఇచ్చారు. ఎవరూ మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. ఫీజు రసీదు చింపి ఇచ్చారు. అంత చప్పుడు కూడా లేకుండా పోయింది లిపి.

పరీక్ష నెగ్గిన తర్వాత కథ ఇంకా 24 భాగాలుంది. అసలు కథ అక్కడే ఉందని మా అభిప్రాయం. ఆ పత్తాలు చేసిన క్లో అనే మాంత్రికుడి తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి చైనా ఆవిడ. తూర్పు మంత్రం, పడమటి మంత్రం రెండూ కలిపి చేశాడు. అతని శక్తితో అవి ఇక బతకవు. ఒక్కొక్కటినీ సకురా తన శక్తితో తన పత్తాగా మార్చుకోవాలి, లేకపోతే మామూలు కాగితాలవుతాయి. మార్చిన ప్రతిసారీ అలసిపోయి నిద్రలో పడిపోతుంది. తాతల ఆస్తి అంటే బీరువాలో పెట్టి తాళం వేసుకునేదనుకునే మా పెద్దలకు ఈ భాగాలు చూపించాలనుంది.

ప్రస్తుతం 58వ భాగం దగ్గరున్నాం. చిన్నది పాత పెళ్లికార్డులు కత్తిరించి 52 ముక్కలు చేసింది. నానీ వాటిమీద ఉర్దూలో పేరు రాయాలి, ఆమె కింద తెలుగులో రాస్తుంది. హవా, సాయా, పానీ, నీంద్, ఆయినా అయిపోయాయి. మబ్బు దగ్గర తగువొచ్చింది. అమ్మీ బాదల్ అంటుంది, చిన్నది అబ్ర్ అని ఎక్కడో విన్నానని పట్టుబట్టింది. చివరికి రెండూ రాయించుకుంది. ‘లూప్’ అనే పత్తాకి ఉర్దూలో ఏమనాలో ఇంకా తేలలేదు. అమ్మీ ‘చక్కర్’ అని రాసి, కాదేమోనని పెన్నుతో కొట్టేసింది. ఆ ముక్క మా బల్లమీద పడి ఉంది. దఫ్తర్‌లో ఎవరినైనా అడిగి రమ్మని మాకు పురమాయించారు.