గండిపేట చూడ్డానికి... తెడ్డు వేయడానికి కోట్‌పల్లి!

సెలవులొస్తే పిల్లలు ఊరుకుంటారా? "ఎక్కడికైనా వెళ్దామమ్మా" అని కొంగు పట్టుకుని తిరుగుతారు. ఈసారి మీ అమ్మాయి ఫోన్‌లో ఓ బొమ్మ చూపించి, "ఇలా నీళ్ళ మీద నిలబడతాను" అంటే మాత్రం కంగారు పడకండి. దాని పేరు స్టాండప్ ప్యాడిల్ బోర్డింగ్. పది, పదకొండు అడుగుల బోర్డు మీద నిలబడి, పొడవాటి తెడ్డు వేసుకుంటూ సాగిపోవడమే! హవాయి దీవుల్లో వైకీకీ తీరాన 1940ల నాటికే కొందరు సర్ఫింగ్ గురువులు శిష్యులను కనిపెట్టి చూడటానికి ఇలా నిలబడి తెడ్డు వేసేవారట. మన పొరుగున కర్ణాటకలో, మంగుళూరు దగ్గరి శశిహిత్లు తీరంలో 2024 మార్చిలో అంతర్జాతీయ పోటీలే జరిగాయి.

బోర్డు ఎక్కడం కష్టం కాదు. ఎక్కడ ఎక్కాలో ఎంచుకోవడమే కష్టం. హైదరాబాదు చుట్టుపక్కల ఉండేవాళ్ళకు చేవెళ్ల దారి మంచి దారి. పదండి, ఆ దారినే చూసుకుంటూ వెళ్దాం.

మొయినాబాద్ దగ్గర ఆగి చూడండి

అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల రోడ్డెక్కితే కుడివైపు గండిపేట, ఎడమవైపు హిమాయత్‌సాగర్. పొద్దున్నే మంచు విడిపోయే వేళ గండిపేట కట్ట మీద నిలబడితే కళ్ళు తిప్పుకోలేరు. "ఇంత నీరుండగా ఇంకెక్కడికో పోవడమెందుకు?" అనిపిస్తుంది కదూ!

అక్కడే ఆగండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని మింగేసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో నిజాం సర్కారు మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను, అంటే మన గండిపేటను, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్‌ను కట్టించింది. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరూ ఇస్తూ వచ్చాయి. వాటిని కాపాడటానికే 1996లో జి.ఓ. 111 వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాలలో నీటిని పాడుచేసే కట్టడాలు కూడదన్నది దాని సారం.

మన బిందెలోకి వచ్చే నీళ్ళలో మనమే కాళ్ళు పెట్టి ఆడుకుంటామా? పైగా అవి గేట్లున్న జలాశయాలు. 2020 అక్టోబరు వానలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో నీటి లాగుడు పైకి కనిపించదు. అందుకే ఈ రెండింటినీ కళ్ళారా చూడండి, చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసుకోండి, బోర్డు మాత్రం కిందికి దించకండి.

అయితే మొయినాబాద్ మీకు వేరే విధంగా పనికొస్తుంది. ఆ చుట్టుపక్కల ఈతకొలనులున్న రిసార్టులు చాలా ఉన్నాయి. కొలనువాళ్ళు ఒప్పుకుంటే మొదటి పాఠం అక్కడే నేర్చుకోండి. ఛాతీ లోతు నీళ్ళలో పడటం, మళ్ళీ బోర్డు మీదికి ఎక్కడం ఓ పదిసార్లు చేస్తే సగం భయం పోతుంది.

ఊడల మర్రుల నీడన

మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఊడలు దిగిన మర్రిచెట్లు కనిపిస్తాయి. రోడ్డు వెడల్పు చేయాలా, ఈ చెట్లు నిలవాలా అని ఏళ్ళ తరబడి వాదన నడిచిన దారి ఇది. అందంగా ఉంది కదా అని తొందరపడకండి. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర లారీ ఢీకొని ఎందరో ప్రాణాలు కోల్పోయారు. తెల్లవారాకే బయల్దేరండి, చీకటి పడకముందే ఇల్లు చేరండి. చేవెళ్ల కూరగాయలకు పేరున్న ఊరు. తిరిగి వచ్చేటప్పుడు తాజా టమాటాలు, ఆకుకూరలు కొనుక్కుంటే వారానికి సరిపడా కూర కూడా ఇంటికొస్తుంది!

కోట్‌పల్లి నీళ్ళు

చేవెళ్ల నుంచి మన్నెగూడ, అక్కడి నుంచి వికారాబాద్, అనంతగిరి కొండలు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. కొండలు దాటి ఇంకాస్త దూరం పోతే కోట్‌పల్లి ప్రాజెక్టు వస్తుంది. ఇక్కడి నీరు మూసీలో కలవదు. కాగ్నా వైపు, అటునుంచి భీమా నదికి పోతుంది. పొలాలకు పారే నీరు. చుట్టూ చెట్లు, మధ్యలో విశాలమైన నీలం. స్థానిక యువకులు కయాక్ పడవలు అద్దెకిచ్చి ఈ చోటికి పేరు తెచ్చారు. వాళ్ళ దగ్గర లైఫ్ జాకెట్లుంటాయి. ప్యాడిల్ బోర్డయితే గాలి నింపేది మీరే తీసుకెళ్ళి, ముందుగా అడిగి అనుమతి తీసుకోవాలి. ఆ రోజు పడవలు తిప్పుతున్నారో లేదో కూడా కనుక్కునే బయల్దేరండి. బోర్డు లేదా? మొదటిసారికి కయాక్‌లో కూర్చుని తెడ్డు వేసినా చాలు. నీటితో స్నేహం కుదురుతుంది.

ఈ నీలం కూడా ఎప్పుడూ చల్లగా చూడదు. 2023 జనవరిలో పండగ సెలవులకు వచ్చి ఇక్కడ ఈతకు దిగిన ఒకే కుటుంబంలోని నలుగురు మునిగిపోయారు. నీరు మారలేదు, చోటు మారలేదు. ఒంటి మీద జాకెట్ ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడా అది!

ఏ చెరువైనా ఈ ఐదూ చూడండి

ఎవరి నీరు? తాగేదా, పారేదా, మురుగు కలిసిందా? పారేదయితేనే, అదీ అనుమతితోనే.

గాలి ఎటు? నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొద్దున పదిలోపు నీరు అద్దంలా ఉంటుంది. ఎండాకాలం సాయంత్రాలు గాలిదుమారం చెప్పి రాదు. వానాకాలం అసలే వద్దు. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి. అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలే మిమ్మల్ని ఒడ్డుకు తెస్తుంది.

తూమెక్కడ, మత్తడెక్కడ? ఆ రెండింటి దరిదాపులకు పోవద్దు.

అడుగున ఏముంది? ఒండ్రుమట్టిలో కాలు దిగబడుతుంది. గుర్రపుడెక్క, చేపల వలలు ఉన్నచోట తెడ్డు చిక్కుకుంటుంది. గులకరాళ్ళ ఒడ్డు అన్నిటికన్నా మేలు.

ఒడ్డున ఎవరున్నారు? ఈత వచ్చినవాళ్ళు ఒక్కరైనా మిమ్మల్నే చూస్తూ ఉండాలి. బట్టలు మార్చుకునే చోటుందా అని అడగడానికి మొహమాటపడకండి. లేకపోతే పాత దుప్పటి, నాలుగు పిన్నీసులు వెంట ఉంచుకోండి.

నిలబడేదెలా?

ముందు మోకాళ్ళ మీద కూర్చోండి. బోర్డు మధ్యలో ఉండే పిడికి అటొక పాదం, ఇటొక పాదం పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి మెల్లగా లేవండి. చూపు కాళ్ళ మీద కాదు, దూరంగా గట్టు మీద ఉండాలి. తలమీద బిందె పెట్టుకుని నడిచిన మన అమ్మమ్మలకు ఈ కిటుకు కొత్తేం కాదు! తెడ్డు మీకన్నా ఓ జానెడు పొడుగుండాలి. పడిపోతున్నట్టనిపిస్తే బోర్డు మీద కాక పక్కకు, నీళ్ళలోకి పడండి. కాలికి కట్టే తాడుంటే బోర్డు మీ దగ్గరే ఉంటుంది, దాన్ని పట్టుకోండి. గాలి పెరిగితే మళ్ళీ మోకాళ్ళ మీదికి వచ్చేయండి.

చీర, చున్నీ వద్దు. నీళ్ళు పీల్చి బరువెక్కే జీన్స్ కూడా వద్దు. లెగ్గింగ్స్, పొడుగు చేతుల పల్చటి టీషర్టు చాలు. జడ బిగించి వేసుకోండి. మంగళసూత్రం జాకెట్ లోపలికి తోసుకోండి, మిగతా నగలు ఇంట్లోనే ఉంచండి. పులిహోర, సర్వపిండి కట్టుకెళ్ళండి, కానీ తినడం బోర్డు దిగాకే. ఆ కాగితాలు, కవర్లు తిరిగి మీ సంచిలోకే!

మన ఊళ్ళలో ఆడవాళ్ళకు చెరువు కొత్త కాదు. కట్ట మైసమ్మకు మొక్కుతాం. సద్దుల బతుకమ్మ రోజు నీళ్ళ దాకా వెళ్ళి పూలను సాగనంపి, గట్టునే నిలబడి చూస్తాం. ఆడపిల్ల నీళ్ళలోకి దిగితే మాత్రం "జాగ్రత్త, వద్దు" అంటాం. ఆ "జాగ్రత్త"ను అలాగే ఉంచండి. "వద్దు" మాత్రం తీసేయండి. మీ అమ్మాయికి ముందు ఈత నేర్పించండి, జాకెట్ తొడగండి, మంచి చోటు చూపించండి. వీలైతే మీరూ పక్కన మరో బోర్డెక్కండి. చలికాలం ఆదివారం పొద్దున, కోట్‌పల్లి నీళ్ళ నడిమధ్య నుంచి గట్టును ఒక్కసారి చూడండి... ఇన్నాళ్ళూ మనం నిలబడి చూసిన చోటు ఎంత చిన్నదో తెలుస్తుంది!