అద్దె యిల్లు కొనుటకు ముందు

మన యిండ్లలో ఏ మూల కురియునో, ఏ తలుపు వానకాలమున బిగియునో ఇల్లాలికి దెలిసినట్లు మఱి యెవ్వరికిని దెలియదు. అయినను ఇల్లు కొనునపుడు ఆమెను సంప్రదించువా రరుదు. బేరము పురుషులు చేయుదురు. దస్తావేజు ముగిసిన పిదప తాళపుచెవి ఆమె చేతి కిత్తురు. ఈ పద్ధతి మార్చుకొన్నచో కలుగు మేలెట్టిదో మా చిలుకూరులో మా వదినగారి విషయమున నేను కన్నులార చూచితిని. సోదరీమణులలో కొందఱికైనను ఉపయోగపడునని ఇచట వ్రాయుచున్నాను.

చిలుకూరు సూర్యాపేట జిల్లాలో కోదాడకు చేరువనున్న మండల కేంద్రము. 2016లో ఆ జిల్లా యేర్పడుటకు పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. చుట్టును నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింద పండు వరిపొలములు; కొంత దవ్వున మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతముల సిమెంటు కర్మాగారములు; కోదాడ మీదుగా హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గము. కావున ఉపాధ్యాయులు, చిన్న యుద్యోగులు, పనికై వచ్చినవారు అద్దెయిండ్లకు వెదకుచునే యుందురు.

మా అన్నగారు గతించిన పిదప వదినగారికి బీమావలన తొమ్మిదిన్నర లక్షల రూపాయలు చేరినవి. కుట్టుపనివలన వచ్చు స్వల్పాదాయము, ఇంటరు చదువుచున్న కూతురు, నెలకు 3,500 రూపాయల అద్దెకొంప: ఇదియే ఆమె సంసారము. సొమ్ము వచ్చినదని తెలియగనే సలహాలును వచ్చినవి. నూటికి రెండురూపాయల వడ్డీకి త్రిప్పుమని యొకరు. బంగారము కొనుమని యొకరు. ఇల్లు కొని అద్దెల కిమ్మని మఱియొకరు. కడపటిది మా కిరువురకు నచ్చినది. కాని తొందరపడక, మూడు నెలలపాటు ఇండ్లు చూచితిమి.

మొదట చూచినది కోదాడలో నొక పల్లపు వీధిలోని యిల్లు. వెల మిక్కిలి చవుక. గోడలకు నడుమెత్తు వఱకు మాత్రమే క్రొత్తరంగు వేసియుండుట చూచి వదినగారు, "ఈ రంగు అందమునకు వేసినది కాదు, దేనినో కప్పుటకు వేసినది" అనెను. ప్రక్కయింటి యామె నడిగితిమి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన పెనువానకు కోదాడ వీధులు జలమయమై, సాగరు ఎడమకాలువకు గండిపడిన సంగతి అందఱు నెఱిగినదే. ఆనాడు ఆ యింట నడుమెత్తు నీరు నిలిచెనట. కనుక ఇల్లు చూడబోవువారు ఒక మారు ఎండలోను, ఒక మారు వానలోను చూడవలెను. వీథిలోని వృద్ధస్త్రీలతో రెండుమాటలాడి రావలెను. అమ్మువాడు దాచునది వారు దాచరు.

రెండవది చిలుకూరులోనే, రెండు వాటాల యిల్లు. వెల 12 లక్షలు. మన రాష్ట్రమున స్టాంపు, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి నూటికి ఏడున్నర చొప్పున 90,000, బాగుచేయుటకు 1,60,000, మొత్తము పదునాలుగున్నర లక్షలు. చేతనున్నది పోగా అయిదు లక్షలు ఋణము కావలెను. ముప్పది లక్షల లోపు గృహఋణములకు ఇంటి విలువలో నూటికి 90 వంతుల వఱకు బ్యాంకు లీయవచ్చునను నిబంధన కలదు. ఇత్తురు గదా యని తీసికొనుట వేఱు, తీర్పగలుగుట వేఱు. మేము పలకమీద లెక్క వేసితిమి.

రెండు వాటాలకు నెలకు 6,500, ఏటికి 78,000. ఏడాదిలో నొక నెల యిల్లు ఖాళీగా నుండునని 6,500, ఇంటిపన్నునకును మరమ్మతులకును 9,000 తీసివేయగా మిగులునది 62,500. అయిదు లక్షలకు నూటికి 9 వడ్డీతో పదియేండ్ల వాయిదా నెలకు 6,334; ఏటికి 76,008. అనగా ఏటేట 13,500 రూపాయలు కుట్టుమిషను మీదనుండి తెచ్చి పోయవలెను. పైగా తాను అద్దెయింటనే యుండవలెను! పదియేండ్లకు ఇల్లు నిలుచును గదా యని మా పినతండ్రిగారు వాదించిరి. "ఈ పదియేండ్లు బియ్యమెవరు కొందురు? పిల్ల చదువు పదియేండ్లు ఆగునా?" అని వదినగారు నెమ్మదిగా అడిగిరి. దానికి ఉత్తరము లేకపోయెను. వడ్డీరేటు మారెడు ఋణమైనచో రిజర్వు బ్యాంకు రెపోరేటు పెరిగినపుడు వాయిదాయైనను గడువైనను పెరుగునని కూడ మఱవరాదు.

తుదకు కొన్నది చిన్న పెంకుటిల్లు, రెండు వాటాలుగా చీల్చుటకు వీలైనది. వెల ఏడు లక్షలు, రిజిస్ట్రేషను 52,500, మరమ్మతులు 1,20,000. ఋణము లేదు. మిగిలిన 77,500 బ్యాంకులో నాపదకై యుంచిరి. ఒక వాటాలో తాము కాపురముండి, రెండవది 3,000కు ఇచ్చిరి. వచ్చు అద్దెయు, తప్పిన అద్దెయు కలిపిన నెలకు 6,500. పెద్ద యింటివలన రాని నెమ్మది చిన్న యింటివలన వచ్చినది.

కాగితముల సంగతి చెప్పెదను. పల్లెలలో పాత యిండ్లు తఱచు గ్రామకంఠపు స్థలములలో నుండును. పూర్వపు దస్తావేజు లుండకపోవచ్చును. పంచాయతి ఇంటిపన్ను ఎవరి పేర ఎన్నాళ్లనుండి కట్టబడుచున్నదో చూడవలెను. సబురిజిస్ట్రారు కార్యాలయమున ముప్పది యేండ్లకు తక్కువ కాకుండ ఈ.సీ. తీయించవలెను. రిజిస్టరు కాని యొప్పందములు అందు కనబడవు గనుక, అసలు దస్తావేజులు కంట జూపుమని అడుగవలెను. నకళ్లు మాత్రమే చూపువాని అసలు కాగితములు ఏ అప్పుక్రిందనో యుండవచ్చును. ఊరిచివఱ స్థలమైనచో వ్యవసాయభూమినుండి మార్పు జరిగినదో లేదో విచారింపవలెను. పిత్రార్జితమైనచో అమ్మువాని అన్నదమ్ములతోపాటు అక్కచెల్లెండ్ర సంతకములును కావలెను. 1985లో మన రాష్ట్రమునను, 2005లో దేశమంతటను కొమార్తెలకు సమభాగము కల్పింపబడినది. మాకు అమ్మినవాని చెల్లెలు దూరదేశమునుండి వచ్చి సంతకము చేయువఱకు వదినగారు బయానా తప్ప పైకమీయలేదు. సాటి యాడుదాని భాగము మ్రింగిన యింట తాను సుఖముగా నిద్రింపజాలనని ఆమె మాట.

దస్తావేజు మగదిక్కు పేర నుండిన మంచిదని పినతండ్రిగారు తమ పేరు సూచించిరి. 1956నాటి హిందూ వారసత్వచట్టము 14వ సెక్షను ప్రకారము స్త్రీ చేతనున్న ఆస్తికి ఆమెయే సంపూర్ణ హక్కుదారు. వదినగారు వారికి నమస్కరించి, "తమరు సాక్షి సంతకము చేయుడు, అదియే నాకు దిక్కు" అనిరి. వారు చేసిరి, కొంత చిన్నబుచ్చుకొనియు చేసిరి.

ఇక మరమ్మతులు. మొదట పైకప్పు, తరువాత నీరు పోవు దారి, మరుగుదొడ్డి, విద్యుత్తీగలు, కడపట రంగు. అనేకులు ఈ వరుసను తలక్రిందులు చేయుదురు. దూలములు, వాసములు కఱ్ఱతో తట్టి చూడవలెను. బోలు ధ్వని వచ్చినచో చెద పట్టినదని యెఱుగవలెను. పెంకులు తిరుగనేయించుట తొలకరికి ముందే ముగియవలెను. మేస్త్రికి పని గుత్తకిచ్చినచో, పనియెంతయైన అంతకే పైకమిచ్చి, కొంత భాగము మొదటివాన కురిసి కప్పు నిలిచినదాక నిలుపవలెను. వాటాకొక విద్యుత్ మీటరు పెట్టించుట తప్పనిసరి. వాడుక పెరిగినకొలది యూనిటు ధర పెరుగును గనుక, రెండు కుటుంబములు ఒక మీటరు క్రింద నున్న ఇరువురకు నష్టము, పైన తగవు.

అద్దె కిచ్చునపుడు ఎంత యెఱిగినవారైనను కాగితము వ్రాసికొనవలెను. సంవత్సరమునకు మించిన కౌలు 1908నాటి చట్టముచే రిజిస్టరు కావలసియుండుటచే లోకమున పదునొకండు నెలల యాచారము వచ్చినది. రెండు నెలల అడ్వాన్సు, ప్రతినెల రసీదు, ఖాళీచేయుటకు ముందు చెప్పవలసిన గడువు: ఇవి స్పష్టముగా నుండవలెను. అద్దెకున్న ఇల్లాలును మనవంటిదే. ఆమె యింట కప్పు కురిసినపుడు మన యింట కురిసినట్లు త్వరపడినచో, ఆమె మన గోడను తన గోడవలె చూచుకొనును. వదినగారి వాటాలోనున్న ఉపాధ్యాయురాలు ఇప్పటికి రెండవ మారు కాగితము తిరిగి వ్రాసికొన్నది.

సోదరీమణులారా! చేతిలో సొమ్మున్నపుడు పెద్ద యిల్లు కన్నులకింపుగా నుండును. పలక తీసికొని రాబడి యొకవైపు, వాయిదా యొకవైపు వ్రాసి చూడుడు. రాబడికంటె వాయిదా పెద్దదైనచో, ఆ యిల్లు మన ఆస్తి కాదు. మనమే దానికి దాసీలము.