సముద్రం దాటి వచ్చిన పందులు

మా ఊళ్ళో పంది కూర వండే ఇళ్ళు కొన్నే. పెండ్లికి మేకనో కోడినో వండి నలుగురినీ పిలిచేవాళ్ళం. పంది కూర మాత్రం వాసన వీధిలోకి పోకుండా తలుపు దగ్గరగా వేసుకుని మా మట్టుకు మేము తినేవాళ్ళం. విశ్వాసుల్లో సైతం "అదేం తిండి?" అని ముఖం చిట్లించినవారున్నారు. అందుకే జపానులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మమ్మల్ని ఒకినావా దీవికి తీసుకువెళ్ళి, "అమ్మా, నాన్నా, ఈ హోటల్లో పంది మాంసమే ప్రత్యేకం" అన్నప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

అది నాహా పట్టణంలో సంత పక్క సందులో చిన్న హోటలు. ముసలమ్మలు, బడిపిల్లలు, ఆఫీసు ఉద్యోగులు పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. తినేముందు చేతులు జోడించి కృతజ్ఞతగా ఒక మాట అంటున్నారు. మేమూ తలలు వంచి స్తోత్రం చెల్లించాము.

రాఫుటే అనే కూర అక్కడ పేరుపొందినది. దానిలో బియ్యపు సారా పోసి ఉడికిస్తారని అబ్బాయి చెప్పగా అది మానేశాము. చెవులను సన్నగా తరిగి కలిపిన మిమిగా, కాళ్ళను ముల్లంగితోనూ సముద్రపు నాచుతోనూ ఉడికించిన తెబిచి తెప్పించుకున్నాము. చెవి ముక్కలు కరకరలాడాయి. కాళ్ళు గంటల తరబడి ఉడికి వెన్నలా ఉన్నాయి. కారం బొత్తిగా లేదు. బల్ల మీది మిరపకాయల సీసా అందుకోబోతే, "నాన్నా, అవీ సారాలో నానినవే!" అని అబ్బాయి ఆపాడు. పందిలో అరుపు తప్ప అన్నీ తింటామని అక్కడివారు చెప్పుకుంటారట.

జపానులో 675వ సంవత్సరంలో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను నిషేధించాడు. తర్వాత వందల ఏళ్ళు అక్కడ మాంసాహారం తక్కువచూపుకు గురైంది. ఒకినావా మాత్రం 1879 వరకు ర్యూక్యూ అనే వేరే రాజ్యం. చైనాతో వర్తకం చేసిన ఆ దీవుల్లో పంది మాంసం పండుగ భోజనం.

1945లో అక్కడ ఘోర యుద్ధం జరిగింది. దాదాపు 2 లక్షలమంది చనిపోయారు. ఊళ్ళు కాలిపోయాయి, పందులూ నశించాయి. ఆ సంగతి హవాయి దీవుల్లో స్థిరపడిన ఒకినావావారికి తెలిసింది. వారి పెద్దలు చెరకు తోటల్లో కూలికి వెళ్ళినవారే. వారు చందాలు పోగుచేసి, 1948లో అమెరికాలో 550 పందులను కొని ఓడ ఎక్కించారు. ఏడుగురు మనుషులు తుఫానుల్లో వాటికి మేత వేస్తూ, నీళ్ళు పెడుతూ పసిఫిక్ సముద్రం దాటించారు. ఆ పందులను ఊరూరా పంచారు. అవి ఈనాయి, పిల్లలను మళ్ళీ పంచారు. కొన్నేళ్ళకే దొడ్లు నిండాయి.

గోడ మీద ఆగు అనే నాటు పంది పటం ఉంది. పొట్టిగా, నల్లగా, అచ్చం మన పల్లెల్లో తిరిగే పందే! అంతరించిపోబోయిన ఆ జాతిని 1980లలో వెదకి మళ్ళీ పెంచారట. మేము దాన్నే చూస్తుండగా హోటలు నడిపే పెద్దావిడ వచ్చి, "మీ దేశంలో పంది తింటారా?" అని అబ్బాయి ద్వారా అడిగింది.

మేము ఒక్క క్షణం ఆగాము. తర్వాత, "తింటాము. మా తాతలు పందులు పెంచినవారే" అన్నాము. పరాయివారి ముందు ఆ మాట పలకడం మాకు అదే మొదటిసారి. ఆవిడ సంతోషంగా తల వంచి, మా గిన్నెల్లో మరికాస్త పులుసు పోసింది.

పేతురు దర్శనంలో చూచిన దుప్పటి గురించి మనం ఎన్ని ప్రసంగాలు వినలేదు! తినడం, మానడం ఎవరి ఇష్టం వారిది. తినేవారిని చిన్నచూపు చూడకుండడం మాత్రం అందరి పని.

దూరదేశాల్లో ఉన్న మన బిడ్డలకు ఇంకొక మాట. సొంత ఊరికి ఏదైనా పంపదలిస్తే ఆ హవాయివారిలా పంపండి. ఒకపూట తిని మరచిపోయేది కాదు, ఈని పదిళ్ళకు చేరేది పంపండి.