లాఠీ కన్నా కాళ్ళకే పని

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో బంగారుపాళ్యం అనగానే ఇప్పుడు అందరికీ మామిడి మార్కెట్టే గుర్తొస్తుంది. తోతాపురి కాయల లారీల సందడి దాటుకుని నేను వెళ్ళింది మాత్రం మొగిలి వైపున్న ఒక పల్లెకు. తొంభై దాటిన రిటైర్డు హెడ్ కానిస్టేబుల్ ఒకాయన అక్కడ ఉన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, ఆ కొత్తల్లోనే ఉద్యోగంలో చేరి ఈ చుట్టుపక్కల స్టేషన్లలో సర్వీసంతా గడిపారు. పేరు రాయొద్దన్నారు. ఊరంతా ‘హెడ్డు తాత’ అంటారు, నేనూ అదే అంటాను.

మద్రాసు కమిషనర్ల గురించీ, హైదరాబాదు కొత్వాళ్ళ గురించీ పుస్తకాల్లో చదువుకోవచ్చు. మా జిల్లాలో ఆ రోజుల్లో ఒక కానిస్టేబుల్ పొద్దున లేచి ఏం చేసేవాడో చెప్పే పుస్తకం నాకు దొరకలేదు. అందుకే ఈ ప్రయాణం.

తాత ముందుగా ఇత్తడి బకిల్ ఉన్న పాత తోలు బెల్టు తెచ్చి చూపించారు. తోలు నెర్రెలు విచ్చింది గానీ బకిల్ ఇప్పటికీ తళతళలాడుతోంది. రోజూ బ్రాసో పెట్టి రుద్దాల్సిందేనట. గంజి పెట్టిన ఖాకీ నిక్కరు మడత చెడితే పెరేడులో మాట పడేది. స్టేషన్లో పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అంతా నంబరే. “నా పేరు నాకే మర్సిపోతాదేమో అనిపించేది నాయినా” అన్నారు.

ఆ పోలీసు ఏర్పాటు వెనక పెద్ద చరిత్రే ఉంది. పాళెగాళ్ళ కాలంలో ఊళ్ళ కావలి వాళ్ళ చేతిలో ఉండేది, అందుకు రుసుమూ వసూలు చేసుకునేవాళ్ళు. బంగారుపాళ్యం కూడా అటువంటి పాళెమే. ఈస్టిండియా కంపెనీ ఆ అధికారం ఊడదీసింది. తర్వాత 1859 మద్రాసు పోలీసు చట్టంతో ఐజీ మొదలు కానిస్టేబుల్ దాకా జీతగాళ్ళ దళం తయారైంది. కింద పల్లెలో మాత్రం మునసబు, తలారి అలాగే నిలిచారు. ఊళ్ళో అనుమానపు చావు వచ్చినా, దొంగతనం జరిగినా మునసబు తెలుగులో రిపోర్టు రాసి తలారి చేత స్టేషన్‌కు పంపేవాడు. ఆ కాగితంతోనే కేసు మొదలయ్యేది. 1984లో మునసబు పదవి రద్దయ్యేదాకా ఈ ఏర్పాటు సాగింది.

రాత్రి బీటు గురించి అడిగితే తాత కళ్ళు మెరిశాయి. బీటు పుస్తకం చంకన పెట్టుకుని, లాంతరు పట్టుకుని, ఊరూరా తిరగాలి. నిద్రపోతున్న మునసబును లేపి, టైము వేయించి సంతకం తీసుకోవాలి. ఎస్సై ఎప్పుడైనా వచ్చి సరిచూస్తాడు. “సైకిలు ఉన్నోడు మారాజు. మాకు లాఠీ కన్నా కాళ్ళకే పని ఎక్కువ. ఏ ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకుంటాండారో, ఏ గట్టు కాడ తగాదా ఉండాదో నడిచినోడికే తెలుస్తాది.” ఆ తెలిసిందంతా స్టేషన్ రైటరు చేతిలో అక్షరమయ్యేది. జనరల్ డైరీలో రాకపోకలన్నీ గంటల వారీగా ఎక్కేవి. స్టేషన్ క్రైమ్ హిస్టరీ అని అయిదు భాగాల రికార్డు వేరే ఉండేది. పల్లెల్లోని కక్షలు, జాతరలు కూడా అందులో రాసిపెట్టేవాళ్ళు.

అదే పుస్తకాల్లో ఒక అన్యాయం కూడా దాక్కుని ఉంది. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసిన చట్టాన్ని మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. దాని స్థానంలో మద్రాసులో 1948లో వచ్చిన అలవాటు నేరస్తుల చట్టం కింద నిఘా మిగిలింది. తాత చేరేనాటికి కూడా పాత పేర్లే రాత్రి తనిఖీ జాబితాలో ఉన్నాయి. “గుడిసె బయట నిలబడి ‘ఉండావా?’ అని కేకేస్తే, లోపల్నించి ‘ఉండాను సామీ’ అనాల. బిడ్డలు కూడా లేచి కూసునేవాళ్ళు. మాకు అది డ్యూటీ. వాళ్ళు ఏం తప్పు చేసినారని నాయినా, ఆ బిడ్డలు?” ఈ మాట రాయమని ఆయనే గట్టిగా చెప్పారు.

ఇక మద్యనిషేధం. మద్రాసు రాష్ట్రంలో సేలం తర్వాత, 1938లోనే, చిత్తూరు జిల్లాకు నిషేధం వచ్చింది. చెరకు, బెల్లం పండే నేల ఇది. బెల్లం ఊట కుండలు అడవి వంకల్లో పూడ్చి సారా కాచేవాళ్ళు. కుండలు వెతకడం, పగలగొట్టడం, మధ్యవర్తులతో సంతకాలు, కోర్టు వాయిదాలు. తాత సర్వీసులో మొదటి ఏళ్ళన్నీ దీనికే పోయాయి. కానిస్టేబుల్ ఊరు దాటకముందే కబురు అడవి చేరేది. 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కూడా ఈ నిషేధం గొడవ మీదే. స్టేషన్లో మాత్రం కుండల వేట ఆగలేదు.

తిరుమల బ్రహ్మోత్సవాలొస్తే జిల్లాలోని స్టేషన్లు సగం ఖాళీ అయ్యేవట. 1944లో వేసిన ఘాట్ రోడ్డు ఒక్కటే అప్పటికి, ఎక్కేవీ దిగేవీ అన్నీ దాని మీదే. మెట్లదారిన కొండెక్కి పోయి, సత్రాల అరుగుల మీద పడుకుని బందోబస్తు చేసొచ్చేవాళ్ళు. గరుడసేవ నాడు జనాన్ని ఆపుతూ నిలబడితే స్వామి ఎటుపోయినాడో కూడా కనపడేది కాదట.

అప్పటిదాకా లోపల వింటున్న అవ్వ అప్పుడు బయటికొచ్చింది. “ఆయన ఇంట్లో ఉండింది యాడ? పోలీసు లైన్లో ఒకే గది. పెద్దోడు పుట్టినప్పుడు కొండ మీద ఉన్నాడు, చిన్నోడు పుట్టినప్పుడు ఎలచ్చన్ల డ్యూటీలో ఉన్నాడు. జీతం మీద బతికినాం, కానీ పండగ చేసుకోలా.” తాత తల వంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వారానికో సెలవు ప్రకటించింది 2019లో. చట్టం చేసిన 1859 నుంచి లెక్కేసుకోండి.

నియమం ప్రకారం స్టేషన్లలో పాత రికార్డులు గడువు తీరగానే నాశనం చేస్తారు. మునసబుల రిపోర్టులు, పాత డైరీలు అలాగే పోతాయి. చిత్తూరు, తిరుపతి జిల్లాల పోలీసు అధికారులకు నా విన్నపం ఒకటే. 1960కి ముందటి పుస్తకాలు ఏ మూలనైనా మిగిలి ఉంటే కాల్చకండి, రాష్ట్ర పురాలేఖ శాఖకు అప్పగించండి. మీ ఇంట్లో తాత తరం పోలీసు ఉంటే, ఫోను రికార్డరు ఆన్ చేసి ఈ ఆదివారమే పక్కన కూర్చోండి.