చేతిరాత

తలుపు తీయగానే సున్నం వాసన, దాని వెనకే సాంబారు వాసన. “నిన్న పెళ్ళి జరిగిందండి, ఇంకా తుడవలేదు” అన్నాడు తాళాలు పట్టుకున్నాయన. మూలల్లో వాడిన మల్లెపూలు, చిరిగిన విస్తరాకులు, గోడవారన ఒక పిల్లాడి చెప్పు. మేష్టారు పంచె ఎగ్గట్టి ముందు తనే చీపురు అందుకున్నారు. మేం నలుగురం కుర్రాళ్ళం సిగ్గుపడి తలో చీపురూ వెతుక్కున్నాం. రాజమండ్రిలో నేను చూసిన మొదటి సామూహిక చిత్రప్రదర్శన అలా మొదలైంది.

86 వరద వచ్చిన ఏడాది చలికాలం అది. డిసెంబరో, సంక్రాంతి దాటాక జనవరో గట్టిగా చెప్పలేను. మేష్టారి మెడలో ఊదారంగు మఫ్లరు మాత్రం గుర్తుంది. నాకు పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో ఏడు.

గోదావరి గట్టుకి నాలుగు వీధుల లోపల ఉండేది ఆ సమాజం హాలు. పెళ్ళిళ్ళు, హరికథలు, చదరంగం పోటీలు, సంతాపసభలు, అన్నీ అక్కడే. రోజుకి అద్దె ఎంతో మర్చిపోయాను కానీ, అందరం చందాలు వేసుకున్నా చివరికి కొంత తక్కువ పడిందనీ, ఆ తక్కువ పడింది మేష్టారే ఇచ్చారనీ తర్వాత తెలిసింది. గోడకి ఒక్క మేకు కొట్టినా ఒప్పుకోమన్నారు హాలువాళ్ళు. మరి అరవై బొమ్మలు ఎక్కడ పెట్టాలి? బోర్డులు రాసే ఆయన ఒకాయన మా జట్టులో ఉన్నారు. కాసేపు కిటికీల వంక చూసి, సైకిలేసుకుని వెళ్ళి రెండు చుట్టలు కొబ్బరితాడు తెచ్చారు. ఈ కిటికీ ఊచల నుంచి ఆ కిటికీ ఊచలకి బిగించి కట్టి, దానికి పురికొసతో బొమ్మలు వేలాడదీశాం. సాయంత్రం గోదావరి గాలి మొదలైతే బొమ్మలన్నీ ఒకేసారి ఊగేవి. చూసేవాళ్ళు ఒక చేత్తో అంచు పట్టుకుని ఆపి, చూసి, వదిలేసేవారు. అంత దగ్గరగా, అంత చనువుగా జనం బొమ్మలు చూడటం ఆ తర్వాత ఏ గ్యాలరీలోనూ చూడలేదు.

మునిసిపల్ బళ్ళలో డ్రాయింగు మేష్టార్లు నలుగురు. బ్యాంకు ఉద్యోగి ఒకాయన. ఫొటో స్టూడియోలో బ్లాక్ అండ్ వైట్ ఫొటోలకి రంగులద్దే ముసలాయన, మునివేళ్ళకి ఎప్పుడూ గులాబీరంగు మరక. తలా నాలుగైదు బొమ్మలు తెచ్చారు. సగం మంది హేవలాక్ బ్రిడ్జే వేశారు. పొద్దున బ్రిడ్జి, సాయంత్రం బ్రిడ్జి, రైలుతో బ్రిడ్జి, కింద పడవతో బ్రిడ్జి. అప్పట్లో నాకు విసుగొచ్చింది, ఆ మాట పైకి అన్నాను కూడా. 1997లో దాని మీద రైళ్ళు ఆగిపోయాక, అందులో ఒక్క బొమ్మయినా కొని దాచుకుని ఉంటే అనిపించింది. బోర్డుల ఆయన రేకు మీద ఎనామిల్ పెయింటుతో వేసిన పాడిగేదె తెచ్చారు. దాని తడి ముట్టె ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఫ్లెక్సీలు వచ్చి ఆయన పని పోయిందని విన్నాను గానీ, అప్పటికి నేను ఊళ్ళో లేను.

మేష్టారికి ఈ ప్రదర్శన ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో మాకు తెలుసు. ఆయన మమ్మల్ని ఎప్పుడూ దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళేవారు. 1897లో ఈ ఊళ్ళోనే పుట్టి, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర చలవతో బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళి చదువుకుని, తిరిగి ఈ ఊరికే వచ్చి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో మశూచితో పోయిన మనిషి. “ఆయన స్నేహితులు వరదా వెంకటరత్నం గారూ వాళ్ళూ ఆ బొమ్మల్ని కాపాడారు కాబట్టి మనం చూస్తున్నాం. బొమ్మ వెయ్యడం సగం పనేరా” అనేవారు. మిగతా సగం ఏమిటో మేమెవరం అడగలేదు.

నా పని చీటీలు రాయడం. నా చేతిరాత బాగుంటుందని మా వీధిలో పేరు. ఐవరీ బోర్డు ముక్కలు కోసి, కట్ నిబ్బుతో నల్లసిరా పెట్టి, పైన బొమ్మ పేరు, కింద వేసినవాళ్ళ పేరు. పది చీటీలు రాసేసరికి ఆ అక్షరాల మీద నాకే మోజు పుట్టింది. కొమ్ము తిప్పడం, తలకట్టు వంచడం, రెండు పంక్తులూ సరిగ్గా మధ్యకి రావడం. అవి బొమ్మలకి పెట్టిన చీటీలన్న సంగతి మర్చిపోయి, చీటీల పక్కన బొమ్మలు పెడుతున్నట్టే ఉండేది నాకు.

ముందురోజు చీకటి పడ్డాక ఒకాయన సైకిల్ క్యారియరు మీద రెండు అట్టల మధ్య పెట్టి ఒక బొమ్మ తెచ్చారు. మర్యాదస్థుడు, ఏదో ఆఫీసు ఉద్యోగి. “మా ఆవిడ వేసిందండి. పెళ్ళికి ముందు డ్రాయింగు లోయరు పాసైంది. పెడతారేమోనని...” అన్నారు. మేష్టారు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “పెడతాం” అన్నారు. నేను నిబ్బు ముంచి “మీ పేరు చెప్పండి” అన్నాను. నేను అడిగింది అదే. ఆయన చెప్పారు. ముందు ‘శ్రీమతి’ చేర్చి, ఇంటిపేరు పొడి అక్షరంతో సహా ఆయన పేరు రాశాను. పంక్తి చక్కగా కుదిరింది.

ఆ బొమ్మ గురించి చెప్పాలి. సగం డ్రాయింగు షీటు, వాటర్ కలర్. ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీళ్ళు దిగాయని పేపర్లు రాసినప్పుడు లంకల్లో మునిగిన ఎన్నో ఇళ్ళలో ఆవిడ పుట్టిల్లూ ఒకటట. బొమ్మలో వంటిల్లు, సగం దాకా నీళ్ళు. అటక మీద మోకాళ్ళు ముడుచుకుని ఒక పిల్ల, ఒళ్ళో కోడిపెట్ట. కింద ఖాళీ బిందె ఒకటి పక్కకి ఒరిగి తేలుతోంది. నీళ్ళకి మట్టిరంగు ఒక్కటే వేసి ఊరుకోలేదావిడ. పొయ్యిలో బూడిద పైకి తేలి గోడవారన తెట్టు కట్టడం కూడా వేసింది, సన్నటి బూడిదరంగు చారగా. గోడ మీద పాల లెక్కకి బొగ్గుతో గీసుకున్న గీతలున్నాయి. నీటికి పైన ఉన్నవి నల్లగా, నీళ్ళు తగిలినవి కారిపోయి. ఆ ఏడాది ఊరంతా వరద మాటే, మా అందరి బొమ్మల్లోనూ గోదావరే. వరద వేసింది మాత్రం ఆవిడొక్కతే.

ఇవన్నీ నేను అప్పుడే చూశానా, మేష్టారు చూపిస్తే చూశానా? ఆయన చూపిస్తేనే అయ్యుంటుంది. ఎందుకంటే మర్నాడు ఆయన ఆ చీటీ దగ్గర ఆగి నన్ను పిలిచారు.

“ఆవిడ పేరు అడిగావా?”

“ఆయన చెప్పలేదండి.”

“నువ్వు అడిగావా అంటున్నాను.”

ఐవరీ బోర్డు అయిపోయిందన్నాను. రేపు కొత్తది రాస్తానన్నాను. ప్రారంభోత్సవం హడావుడి, మైకు వాడు రాలేదు, దండలు తేవాలి. ఆ రేపు రాలేదు. మూడు రోజులూ అదే చీటీ.

ఆవిడ రెండోరోజు మధ్యాహ్నం వచ్చారు, వంటలు అయ్యి జనం పల్చబడే వేళ. కూడా ఇద్దరు ఆడవాళ్ళు, ఒక చిన్నపిల్లాడు. నేతచీర, చెయ్యి పట్టుకుని లాగుతున్న పిల్లాడిని సర్దుకుంటూ వరసగా అన్ని చీటీలూ చదివారు. తన బొమ్మ దగ్గర అందరిలాగే అంచు పట్టుకుని ఊగకుండా ఆపారు. బొమ్మ చూడలేదు, చీటీ చదివారు. చదవడానికి అంతసేపు పట్టే పేరు కాదది. తర్వాత నా వైపు తిరిగారు.

“ఈ అక్షరాలు ఎవరు రాశారు బాబూ?”

“నేనేనండి.”

“బాగున్నాయి. గుండ్రంగా ఉన్నాయి.”

పొంగిపోయాను. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. ఎవరావిడ అంటే ఫలానా ఆయన భార్య అన్నాను.

ఆనాటి ఫొటో ఒకటి నా దగ్గర మిగిలింది. మేష్టారు మధ్యలో, చుట్టూ పదకొండుమందిమి. వెనక తాడు కనిపిస్తోంది. ఆవిడ లేరు. ఆయన ఉన్నారు, చివర్లో కొంచెం ఎడంగా, నిలబడవచ్చో లేదో తేల్చుకోలేనట్టు. హాలు ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంటు లేచింది. ఊరికి వెళ్ళినప్పుడల్లా దామెర్ల గ్యాలరీకి వెళ్తాను. రామారావు గారి భార్య సత్యవాణి గారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారూ కూడా బొమ్మలు వేసినవాళ్ళే. కుర్రతనంలో అన్నిసార్లు వెళ్ళి, వాళ్ళ బొమ్మల ముందు నేను నిలబడ్డ గుర్తే లేదు. ఇప్పుడు ముందు అక్కడికే పోతాను. ఎక్కడ ప్రదర్శన పెట్టినా పేర్ల పని నేనే తీసుకుంటాను. బొమ్మ వేసినవాళ్ళ చేతే వాళ్ళ పేరు ఒక కాగితం మీద రాయించుకుంటాను. ఆడపిల్లలు కొందరు రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తారు. ఆగుతాను.

ఆఖరిరోజు సాయంత్రం బొమ్మలు దింపేశాం. రాత్రి ఇంకో పెళ్ళివాళ్ళు వస్తున్నారు, గాడిపొయ్యికి వెనక అప్పుడే మట్టి తవ్వుతున్నారు. ఆవిడ ఒక్కరే రిక్షాలో వచ్చారు. పురికొస తెంపి బొమ్మ వెనక్కి తిప్పాను. వెనకవైపు, కింద మూల, పెన్సిలుతో పేరుంది. చిన్న అక్షరాలు, కొంచెం కుడివైపుకి వాలి ఉన్నాయి. మూడు రోజులూ గోడవైపు తిరిగి ఉన్న పేరు. చదివాను. ఆవిడ చూస్తుండగానే చదివాను. అయినా ఏమీ అనలేదు. ‘మ్మ’తో అయ్యేదని గుర్తు. దానికి ముందు ఏముందో ఎన్నేళ్ళుగా వెతుక్కుంటున్నా దొరకదు.

రంగు అంటుకోకుండా బొమ్మ ముఖానికి పల్చటి కాగితం వేసి, ఒకే ఒక అట్ట దొరికితే దాన్ని అటువైపే పెట్టి, నాలుగు పక్కలా దారంతో కట్టి ఇచ్చాను. ఆవిడ రిక్షా ఎక్కి దాన్ని ఒళ్ళో నిలబెట్టి పట్టుకున్నారు. అట్ట తనవైపు, వెనకవైపు వీధివైపు. రిక్షా గట్టువైపు మలుపు తిరిగేదాకా ఆ పెన్సిలు పేరు వీధిలోకే చూస్తూ వెళ్ళింది.