చెమ్మ చేరిన చెక్క

ఫైబర్‌గ్లాస్ పడవ కుళ్ళదని చాలామంది నమ్మకం. అందులో సగమే నిజం. గాజు పోగులు, రెజిన్ కలిసి గట్టిపడ్డ ఆ పెంకుకి చెదలు పట్టవు, తుప్పు పట్టదు. ఏళ్ళ తరబడి వాడినా గట్టిగానే ఉంటుంది. కానీ మోటారు బిగించే వెనక గోడ ఉంది చూశారూ, ట్రాన్సమ్ అంటారు, చాలా పాత పడవల్లో దాని కడుపులో ఉండేది చెక్కే. ముప్పావంగుళం ప్లైవుడ్ పలకలు రెండు కలిపి అతికించి, అటూ ఇటూ ఫైబర్ పొరలు తొడిగి, అంగుళన్నరకి పైగా మందాన నిలబెడతారు. లోపల చెక్క పిండయిపోయినా పైన మెరుపు చెక్కుచెదరదు. పాత పడవ కొనేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

ఆ గోడ మీద పడే భారం తక్కువేం కాదు. 1909లో మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ తయారుచేసిన తొలి మోటార్ల బలం ఒకటిన్నర హార్స్‌పవర్. ఇవాళ యాభై హార్స్‌పవర్ మోటారు సుమారు నూరు కిలోలు తూగుతుంది. ఆ బరువంతా గోడకి వేలాడుతుంది. నీళ్ళలో మోటారు తోసే తోపు కూడా ఆ గోడ గుండానే పడవకి అందాలి. ట్రైలర్ మీద రోడ్డెక్కితే ప్రతి గతుకుకీ ఆ బరువు గోడని లాగి వదులుతుంది.

నేనుండే మిషిగన్‌లో ఎటు చూసినా సరస్సులే. మా పక్కింటి పెద్దాయన దగ్గర 1970ల నాటి పదహారడుగుల పడవ ఉంది. మోటారుని పైకి ఎత్తి దాని కాలు పట్టుకుని కిందికి నొక్కితే వెనక గోడ కొద్దిగా ఊగింది. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్ళాం. పై మూలల్లో ఖంగుమంది, కిందికి దిగేకొద్దీ డొల్ల శబ్దం. ఇంక విప్పక తప్పదని తేలిపోయింది.

బయటి పొరని ముట్టుకోలేదు. దాని నునుపు, రంగు, వంపు మళ్ళీ తేవడం కష్టం. అందుకే లోపలి వైపు నుంచి, రంపపు బ్లేడు లోతు ఫైబర్ మందానికే సరిపెట్టి, చుట్టూ రెండంగుళాల అంచు వదిలి కోశాం. ఆ పొర ఊడి రాగానే జరిగిందంతా కళ్ళకి కట్టింది. పై మూలల్లో చెక్క పసుపు రంగులో, ఉలికి లొంగనంత గట్టిగా ఉంది. నీటి లోతు చూపే సోనార్ బిళ్ళ బిగించిన రెండు చిన్న స్క్రూల దగ్గర మాత్రం నల్లటి చారలు మొదలై, కిందికి జారేకొద్దీ వెడల్పయి, అడుగున నీళ్ళు వదిలే బెజ్జం దగ్గర ఒకటైపోయాయి. అక్కడ చెక్కకి ఉలి అక్కర్లేదు. చేత్తో తీస్తే గుప్పిట్లోకి వచ్చింది, పిండితే గోధుమరంగు నీళ్ళు కారాయి. పెన్సిల్ కన్నా సన్నని రెండు బెజ్జాల నుంచి దిగిన చెమ్మ గోడలో సగాన్ని తినేసింది.

చెక్కని తినేది నీరు కాదు, శిలీంధ్రం. దానికి చెమ్మా కావాలి, గాలీ కావాలి. పూర్తిగా నీళ్ళలో మునిగి, గాలి అందని చెక్క ఎన్నేళ్ళయినా ఉంటుంది. ఊరగాయకి ఉప్పు చేసే మేలే చెక్కకీ చేస్తుందని పాతకాలం ఓడలు కట్టేవాళ్ళకి తెలుసు. అందుకే పక్క చెక్కల మధ్య ఉప్పు కూరేవారు. కాబట్టి సముద్రపు పడవకి కింది ఉప్పునీటికన్నా పైనుంచి పడే వాననీటితోనే పెద్ద ప్రమాదం. మామూలు చెక్క తడిస్తే ఎండకి ఆరుతుంది. ఫైబర్ పొరల మధ్య ఇరుక్కున్నదానికి ఆ దారి లేదు. చెమ్మ రావడానికి స్క్రూ బెజ్జం చాలు, పోవడానికి మాత్రం గోడంతా మూసే ఉంటుంది. పైగా మిషిగన్ చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి, ప్లైవుడ్ పొరల్ని విడదీస్తుంది.

గోడ ఖాళీ చేశాక గ్రైండర్ పని. గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, అందుకని మూతికి రెస్పిరేటర్, ఒంటికి పూర్తి సూటు తప్పనిసరి. పాత ఫైబర్ మీద మురికీ చెక్క నారా ఏమీ మిగలకుండా, కొత్త రెజిన్ పట్టే గరుకుతనం వచ్చేదాకా అరగదీయాలి. తర్వాత అట్టతో నమూనా కోసి, మెరైన్ ప్లైవుడ్ మీద గీసుకోవాలి. దాని జిగురు నీళ్ళకి ఊడదు, పొరల మధ్య ఖాళీలుండవు కాబట్టి నీరు దాగే చోటూ ఉండదు.

ఈ పడవ కట్టిన రోజుల్లో ఎక్కువగా వాడింది పాలియెస్టర్ రెజిన్. చెక్కని అది అంత గట్టిగా పట్టుకోదు. ఎపాక్సీ పట్టుకుంటుంది. అయితే డబ్బానిండా ఒకేసారి కలిపితే తన వేడికి తనే ఉడికి పొగలు కక్కుతుంది. అందుకే కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పాటి పళ్ళెంలో పోసుకోవాలి. ముందు పల్చటి ఎపాక్సీ చెక్క అంచులకి తాగించి, ఆ తర్వాత సిలికా పొడి కలిపి, చెంచా తిరగేసినా జారనంత చిక్కగా చేసి పలక మీద పరిచాం. క్లాంపులు బిగిస్తుంటే పెద్దాయన నా చెయ్యి ఆపి, "చాలు, అంచున కొంచెం పొంగిందా, అంతే. ఇంకా బిగిస్తే జిగురంతా బయటికి పోతుంది, అతుకు ఒట్టిదవుతుంది" అన్నాడు. గాజు బట్ట తొంభై డిగ్రీల మూలలో సరిగా వంగదు. అందుకని మూలలన్నీ చిక్కటి ఎపాక్సీతో గుండ్రంగా పూడ్చి, ఆ పైన పొర మీద పొర, ప్రతి పొరా కిందిదానికన్నా వెడల్పుగా, పడవ పక్కలకీ అడుగుకీ పాకేలా పరిచాం. మోటారు తోపు గోడతో ఆగకుండా పడవంతా పంచుకునేది ఆ పొరల వల్లే.

ఇంత చేసినా, అసలు పని బెజ్జాల దగ్గరుంది. బోల్టుకి కావలసినదానికన్నా పెద్ద బెజ్జం వేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక దాని నడుమ సరైన కొలతకి మళ్ళీ తొలవాలి. అప్పుడు బోల్టు ఎపాక్సీనే తాకుతుంది, చెక్కని తాకదు. పైన సీలెంట్ ఒకనాటికి ఎండి పగిలినా, దిగిన నీటికి చెక్క దొరకదు. మోటారు బోల్టులకే కాదు, నిచ్చెనకీ, కొక్కేనికీ, సోనార్ స్క్రూలకీ, నీళ్ళు వదిలే బెజ్జానికీ ఇదే పద్ధతి. ఒక్కో బెజ్జానికి కొద్దిపాటి ఓపిక, చెంచాడు ఎపాక్సీ. మొదట్లోనే ఆ మాత్రం చేసి ఉంటే ఈ గోడ కుళ్ళేది కాదు. చెమ్మ తగలకపోతే ప్లైవుడ్ చాలా బలమైనది, చాలా కాలం మన్నేది. కుళ్ళని ఫోమ్ పలకలూ ఇప్పుడు దొరుకుతున్నాయి. అయినా పెద్దాయన చెక్కనే ఎంచుకున్నాడంటే, దానికి నీరు చేరనివ్వనని తన మీద తనకున్న నమ్మకం.

ఇంత శ్రమ దేనికి, కొత్త పడవ కొనుక్కోవచ్చుగా అనేవాళ్ళున్నారు. కానీ ఒకసారి గట్టిపడ్డ ఈ రెజిన్ వేడి చేస్తే కరిగి మరో వస్తువు అవదు. పారేసిన పడవలో ఎక్కువ భాగం చెత్తగుట్టలకే చేరుతుంది. పెంకు నిక్షేపంగా ఉండగా ఒక్క పలక కుళ్ళిందని పడవంతా పారేయడం నాకు తప్పుగానే తోస్తుంది. 2004 సునామీ తర్వాత మన ఆంధ్ర తీరంలోనూ ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. ఏ పడవలోనైనా సరే, ఫైబర్ పొరల మధ్య చెక్క ఉన్నచోటల్లా ఈ జాగ్రత్తే కావాలి. వానలకి ముందే వెనక గోడకున్న స్క్రూలు ఒక్కొక్కటీ విప్పి చూడండి. గోధుమరంగు నీళ్ళు కారితే గోడ విప్పండి. పొడిగా ఉంటే బెజ్జం నింపి మళ్ళీ బిగించండి. ఆ పని చేసినట్టు పైకి ఎవరికీ కనబడదు, కానీ పడవ ఆయుష్షు దానిమీదే ఉంది.